గోడకి మొదటి పిలుపు

అరుగు మాత్రం మారలేదు. పైన నున్నటి రాళ్ళు పరిచేరు గాని కింద ఉన్నది మా అయ్య కట్టించిన అరుగే, కూకోగానే నడుముకి తెలిసిపోయింది. ఎడంపక్కకి కొంచెం వాలు. వాన పడితే నీళ్ళు వీధిలోకి జారిపోవాలని అయ్య అలా కట్టించేడు. ఆ వాలు మీద కూకునే నేనూ మా తమ్ముడు జగన్నాధమూ పెరిగేం. ఇప్పుడు గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద వాడి పేరు ఉంది, పేరు ముందు చిత్రకారుడు అని ఉంది, వాడు పుట్టిన ఏడూ పోయిన ఏడూ ఉన్నాయి, కింద మ్యూజియం అని ఉంది. మూడో తరగతితో సరి నా బడి, అక్షరానికి అక్షరం కూడబలుక్కుని చదివేసరికి ఎండ ఆ పలక మీంచి తిరిగొచ్చి నా కంట్లోనే కొట్టింది. లోపలి వసారాలో పడక్కుర్చీ కనబడితే, మోకాళ్ళు లాగుతున్నాయి కదా అని అటు నడిచేను. కుర్చీకి అడ్డంగా ఎర్రతాడు కట్టి ఉంది. కాపలా మనిషి, రాముడంట పేరు, పరిగెత్తుకుని వచ్చేడు.

"ఓ తాతా, ఓ తాతా, అందులో కూకోకు. జగన్నాధంగారి కుర్సీ అది."

"మా తాత జగన్నాధంగారికి సొంత అన్నియ్య, తెలుసా మీకు?" అంది నా మనవరాలు దేవి.

"అందరూ అలగే అంటారమ్మా. మొన్న ఒకాయన మేనల్లుడినన్నాడు. అతగాడు కూడా కుర్సీలోనే కూకుంటానన్నాడు."

దేవి నవ్వీసింది. ఆ కుర్చీ మా అయ్యది. అయ్య పోయేక అందులో కూకుని చుట్ట కాల్చుకున్నవాణ్ణి నేను. జగన్నాధం ఎప్పుడొచ్చినా నేల మీద బాసింపట్టు వేసుకుని కూకునేవాడు. ఇదంతా చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి, చెప్పే ఓపిక లేదు, మళ్ళీ వచ్చి అరుగు మీద కూకున్నాను. లోపల బడి పిల్లలున్నారు, బస్సులో వచ్చేరు, వాళ్ళు బయటకి వస్తే గాని నడిమి గది తలుపు ఇంకొకరికి తియ్యరంట. గది చిన్నదంట. చిన్నదే. ఆ గదిలోనే నేను కాపరం చేసేను.

ఒళ్ళో సంచి ఉంది. సంచిలో ఆకుపచ్చ చీర, ఎర్రంచు, రవిక గుడ్డ, మట్టి గాజులు, తమలపాకుల్లో చుట్టిన పసుపు, కుంకం పొట్లం. నరసన్నపేట నించి దేవి స్కూటీ మీద వెనక కూకుని వచ్చేను, దారంతా లారీలు, నా చెయ్యి సంచి మీదే ఉంది. పట్టుకుని పట్టుకుని వేళ్ళు అలాగే ముడుచుకుపోయేయి, ఇప్పటికీ తెరుచుకోడం లేదు. దేవి వీధిలో వేపనీడన నిలబడి ఫోన్లో మాట్లాడుతుంది, షామియానావాడితో కాబోలు. పెళ్ళి తనది, పనులూ తనవే. తండ్రి, మా గోవిందు, ట్రాక్టరు సామాన్ల కొట్టు వదిలి రాలేడు. రేపు పొద్దున్న పందిరి రాట పాతాలి. పాతాలంటే ముందు ఈ పని అవ్వాలి. ఈ పని నాది.

మరిడమ్మ పెట్టింది నాకు ఈ పని. మరిడమ్మ నా రెండో పెళ్ళాం. తెల్లారకుండానే మంచం మీద లేచి కూకుని, లేవలేని కాళ్ళు చేతుల్తో జరుపుకుంటూ, సంచి తనే సర్దింది. "మావా, సెప్పింది మర్సిపోకు. ముందు పసుపు. మరి కుంకం. అప్పుడు సీర సూపించు. సూపించీసి నోరిప్పి పిలువు. నోరిప్పి. నీలో నువ్వు అనుకుంటే అప్పకి ఇనబడదు." ఊ అన్నాను. "ఊ కాదు. ఊ అనీసి వచ్చీస్తావేటి అక్కడ? ఇంటి మొదటి ఆడపిల్ల పెళ్ళి, అప్పకి సెప్పకుండా రాట పాతితే నేను గుమ్మం దిగను." ఎలాగూ దిగలేదు, ఆ మోకాళ్ళతో. అయినా అది అన్న మాట అన్నట్టే ఉంటుంది. అప్పంటే అక్క. అది ఏనాడూ చూడని మనిషి. నా మొదటి పెళ్ళాం. దాన్ని అప్పా అప్పా అని పిలిచి పిలిచి, నేను మంచం ఎక్కేక దీపం తీసేసి, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లో, "మావా, అప్ప ఎలగుండీది?" అని అడిగేది. బాగుండేది, అనేవాణ్ణి. "బాగుండడమంటే ఏటి, మొహం గుండ్రంగా ఉండీదా, కోలగా ఉండీదా?" బాగుండేది. "ఓలమ్మో, ఈ మనిషితో!" అని అటు తిరిగి పడుకునేది. నేను చెప్పకపోయింది దాచుకుని కాదు. నాకు గుర్తు లేదు.

మా వైపు ముత్తయిదువగా పోయిన ఆడమనిషికి పేరంటాలని గోడకి పసుపు పెడతాం. ఫొటో ఉండదు, బొమ్మ ఉండదు. చేటంత మేర పసుపు అలికి మీద కుంకం బొట్లు పెడితే అదే మనిషి. ఇంట్లో ఏ శుభం తలపెట్టినా మొదటి పిలుపు ఆ గోడకే, దేవుడి కన్నా ముందు, వియ్యాలవారి కన్నా ముందు. గోవిందు పెళ్ళికి, గోవిందుకి కొడుకు పుడితే బారసాలకి, బోరు తవ్వినప్పుడు కూడా మరిడమ్మ బస్సు దిగి, పొలం గట్టున నడిచి, ఈ ఇంటి తాళం తీసి, ఈ నడిమి గదిలో గోడకి పసుపు పెట్టి వచ్చేది. ఇల్లు జగన్నాధం వాటాకి వచ్చింది, పొలం నా వాటాకి. వాడు ఊళ్ళో ఉండేవాడు కాదు, ఇల్లు తాళం పెట్టి ఉండేది, తాళం చెవి మరిడమ్మ బొడ్లో ఉండేది. వాడు పోయేక వాడి కూతురు అనూరాధ ఇల్లు మ్యూజియం వాళ్ళకి రాసిచ్చింది. మంచి పనే. పెంకులు జారిపోతుండేవి, దూలాలకి చెద. వాళ్ళు బాగు చేసుకున్నారు. గోవిందు అన్నాడు, "అమ్మా, ఆళ్ళ సేతులూ కాళ్ళూ పట్టుకోడం ఎందుకు, మనింట్లోనే ఒక గోడకి పెట్టుకుంటే పోదేటి?" మరిడమ్మ లేచింది వాడి మీద. "మనింట్లో గోడలకి టైల్స్ అంటించినావు, పసుపు నిలుస్తాదేట్రా, జారిపోతాది. అయినా నిన్ను కన్న అమ్మ ఏటి గేసు కనెక్షనా, ఇల్లు మారినప్పుడల్లా కూడా మార్సుకోడానికి? అప్ప ఆ గోడలో ఉన్నాది. అక్కడికే ఎల్లాలి."

వెళ్ళేవాళ్ళెవరు మరి. కాళ్ళు దానికి లేవు. నాకు కాళ్ళున్నాయి, రావాలని లేదు.

రావాలని లేకపోవడానికి కారణం మరిడమ్మకి చెప్పలేదు. అనూరాధ ఫోన్ చేసింది, ఇల్లు బాగు చేయిస్తున్నప్పుడు. "పెదనాన్నా, నడిమి గదిలో గోడ మీద పసుపు పెచ్చులు ఊడిపోతుంటే తీయించాం. కింద బొమ్మ బయటపడింది. నాన్న చిన్నప్పుడు గీసిందే అంటున్నారు చూసినవాళ్ళు. ఎవరో ఆడమనిషి. మీరొకసారి వచ్చి చూస్తారా, ఎవరో మీకే తెలియాలి." చూస్తానమ్మా, అన్నాను. అప్పుడు ఊడ్పులు. తర్వాత కోతలు. తర్వాత కాలు బాగులేదు. ఇల్లు తెరిచేరు, నన్ను పిలిచేరు, ఒంట్లో నలతగా ఉందన్నాను. ఆ గదిలో జగన్నాధం గీసిన ఆడమనిషంటే ఇంకెవరు, నా గురమ్మే అయ్యుండాలి. అయ్యుండాలి గాని, అందరూ చుట్టూ నిలబడి ఈవిడేనా అని అడిగితే, నేను చూస్తే, చూసి తెలియకపోతే? కట్టుకున్నవాణ్ణి. అవునంటే అబద్ధం, తెలీదంటే ఇంకేటి మిగిలింది. రాకపోతే ఆ గొడవ ఉండదు. అలా దాటేసుకుంటూ వచ్చేను, ఇంతలో ఈ పెళ్ళి కుదిరింది.

పగలు మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకునే రోజులు కావు. ఇంటినిండా మనుషులు. నేను కళ్ళంలో ఉంటే అది పెరట్లో, నేను పెరట్లోకొస్తే అది వంటింట్లో. అన్నం పెట్టినా మా అమ్మే పెట్టేది. మూడేళ్ళ కాపరం, అందులో పుట్టింటికి పురిటికెళ్ళింది కొన్నాళ్ళు. రాత్రి దీపం తీసేసేక గదిలోకి వచ్చేది. నాకు తెలిసినదంతా చీకట్లో తెలిసినదే. గాజుల చప్పుడు, చోడిపిండి వాసన, కాలి మడమ ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. మెడ వెనక, ముడి కింద, చిన్న వెంట్రుకలు చెమటకి అంటుకునేవి, అది గుర్తుంది, నీళ్ళ బిందె ఎత్తుకుని ముందు నడుస్తుంటే వెనక నించి చూసేను కాబట్టి. వెనక నించి చూస్తే ఇప్పటికీ వెయ్యి మందిలో పోల్చుకోగలను. ముందు నించి లేదు. మొదట్లో ఉండేది. మరిడమ్మ వచ్చేక కూడా కొన్నేళ్ళు ఉండేది. తర్వాత కళ్ళు మూసుకుంటే పసుపు గోడే వచ్చేది. ఆఖర్న పచ్చకామెర్లు దానికి. ఆకుపసరు పోసేం, అరటిపండులో పెట్టి మందిచ్చేరు, తగ్గలేదు, బండి కట్టేం, బండి దారిలో ఉండగానే అయిపోయింది. కళ్ళు పసుపు, గోళ్ళు పసుపు. పోయేక ముత్తయిదువని మళ్ళీ ఒళ్ళంతా పసుపు రాసేరు. ఆ పసుపు కింద మొహం ఎక్కడో పోయింది.

పిల్లలు ఒక్కసారిగా బయటకి వచ్చేరు. చెప్పులు వెతుక్కునే గోల. ఒక పిల్ల నా పక్కన అరుగు మీద కూకుని బూటు లేసు కట్టుకుని లేచిపోయింది, నన్ను చూడలేదు. అదీ బాగుంది. ఈ అరుగు మీద కూకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. రాముడు ఈల వేసి వాళ్ళని బస్సు కాడికి తోలేడు. ఇంక నన్ను పిలుస్తారు. కాస్త ఆలస్యమైతే బాగుణ్ణనిపించింది. వేపచెట్టు పుల్లలు రాలుతున్నాయి. అప్పుడూ ఇలాటి ఎండాకాలమే, ఇలాగే గాలి లేని పొద్దు. గదికి మట్టి పెట్టేరు అమ్మా గురమ్మా కలిసి, పొట్టు కలిపిన మట్టి, నున్నగా పామేరు. ఆరాలి. నేను ఎడ్లు విప్పి వీధిలోంచి వస్తుంటే లోపల్నించి అరుపులు.

"ఒరే జగ్గా! నీ సేతులు ఇరగ్గొడతాను. పొద్దుగూకులూ పావేను రా గోడ, పాడు సేసీసినావు!"

"ఉండు వదినా, కదలకు. మొహం ఇటు తిప్పు."

"నా మొహం నీకెందుకు రా, మీ అన్నకే లేదు."

అప్పుడు నవ్వు. గురమ్మ నవ్వు. జగన్నాధానికి అప్పుడు మీసం కూడా రాలేదు, ఇంటి చుట్టూ తాటాకు పుల్ల పట్టుకుని తిరిగేవాడు, దొరికిన చోటల్లా గీసేవాడు, తడి నేల మీద, బూడిద మీద, గేదె వీపు మీద కూడా. లోపల ఇద్దరూ నవ్వుతున్నారు. నేను గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేను. లోపలికి వెళ్తే నవ్వు ఆగిపోతుంది, అది ముసుగు సర్దుకుంటుంది, వాడు లేచి నిలబడతాడు. నేనొస్తే అలాగే అయ్యేది. అరుగు మీద, ఇదుగో ఇక్కడే కూకుని కాళ్ళు దులుపుకున్నాను. గోడకి ఇవతల. నవ్వు అయ్యేదాకా కూకున్నాను. లోపలికెళ్ళి గోడ చూడలేదు. పిల్లాడు ఏదో గీసుంటాడు, అమ్మ మళ్ళీ మట్టి పామేస్తుంది, అనుకున్నాను. ఆ రాత్రి చీకట్లోనే పడుకున్నాను, ఆ గోడ పక్కనే. వాన మొదలయ్యేలోపు మనిషే లేదు.

పదకొండో నాడు అమ్మ ఒక్కతే ఆ గదిలోకెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి గోడకి పసుపు. పెద్దలు ఒప్పుకోలేదు, పేరంటాలికి తూరుపు మూల ఉండగా దక్షిణపు గోడకి పెడతారా ఎవరైనా అన్నారు. "అది ఉన్నది అక్కడే," అంది అమ్మ. ఏడుపులో ఏదో అంటుందనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. జగన్నాధం ఆ ఏడే విజయనగరం చదువుకి వెళ్ళిపోయేడు. ఆ తర్వాత వాడు ఊరివాడు కాడు, పెద్ద పెద్ద ఊళ్ళవాడు. ఎప్పుడో ఒకసారి వచ్చేడు, జుట్టు నెరిసేక. ఆ గదిలోకెళ్ళి పసుపు గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు చాలాసేపు. వదినకి దండం పెట్టుకుంటున్నాడు అనుకున్నాను. బయటికొచ్చి నేల మీద కూకుని అన్నం తినడానికి చెయ్యి కడగబోయి, ఆగి, ఎడం చేత్తో తిన్నాడు. కుడి అరచెయ్యి పసుపుపచ్చగా అలాగే ఉంచుకున్నాడు. "ఏట్రా ఆ సెయ్యి?" అన్నాను. "ఏం లేదన్నా," అన్నాడు. అంతే. మా ఇద్దరికీ మాటలు తక్కువ. అమ్మకి తెలుసు, వాడికి తెలుసు, ఆ పసుపు కింద ఏముందో. ఇద్దరూ నాకు చెప్పలేదు. చెబితే నేను ఏం చేసేవాణ్ణి? పసుపు గోకి చూసేవాణ్ణా? ఏమో. చెప్పకపోవడమే మంచిదనుకుని ఉంటారు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాడికి.

"తాతగారూ, రండి." మెళ్ళో కార్డు వేసుకున్న అమ్మాయి, సుహాసిని, ఇక్కడ చూపించే పిల్ల. సంచి చూసింది. "అందులో ఏంటండీ? బ్యాగులు బయట పెట్టాలి." దేవి ముందుకొచ్చి చెప్పడం మొదలుపెట్టింది, పేరంటాలు, మొదటి పిలుపు, రేపు రాట, నాయనమ్మ గుమ్మం దిగనంది. అది చెబుతూనే ఉంది, ఆ పిల్ల వింటూనే ఉంది. "అయ్యో, గోడకి మాత్రం ఏమీ రాయకూడదండి. అద్దం పెట్టేశాం. మా పై వాళ్ళు నన్నే అడుగుతారు." "మేం అద్దం ముట్టుకోం, సూసి సెప్పీసి వచ్చీస్తాం," అంది దేవి, నా వైపు చూసి కన్ను కొట్టింది. గురమ్మ రక్తమే మరి, నా రక్తం కాదు ఆ కన్ను కొట్టడం.

వసారాలో గాజుపెట్టెల్లో వాడి కుంచెలు, రంగు ఎండిపోయిన పళ్ళెం, కళ్ళజోడు, ఒక జత చెప్పులు. చెప్పులు చూస్తే కాళ్ళు ఆగేయి. అవి వాడివే, మడమ పక్కకి అరిగి ఉంది, చిన్నప్పట్నించీ అలాగే అరిగేవి. గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు, ఆడవాళ్ళు, ఎద్దులు, గోగు నార ఆరేసిన చెరువుగట్టు, కొన్నింట్లో ఏముందో తెలీదు, రంగులే ఉన్నాయి. వీటికి దేశాలు దాటి పేరొచ్చిందంట. చూసుకుంటూ నడిచేను, నడిచేనంటే అడుగు తీసి అడుగు వేసేను. నడిమి గది గుమ్మం పొట్టిది, వంగాలి. ఒకప్పుడు మరిచిపోయి నుదురు కొట్టుకునేవాణ్ణి, ఇప్పుడు వంగక్కర్లేదు, ఒంగిపోయే ఉన్నాను. గదిలో మంచం లేదు. చోళ్ళ గాదె లేదు. ఊయల దూలానికి వేలాడిన చోట ఇనప కొక్కెం మాత్రం ఉంది, దానికి దీపం తగిలించేరు. దీపం గోడ మీదకి. గోడకి జానెడు ఎడంగా అద్దం.

మట్టిగోడ మట్టిగోడలాగే ఉంది. గీతలున్నాయి. తడిమట్టిలో పుల్లతో లోతుగా గీసిన గీతలు, ఎండిపోయి గట్టిపడ్డాయి. పై పసుపంతా తీసేసేరు గాని గీతల లోపల పసుపు పోలేదు. మొహమంతా పసుపు గీతల్తో ఉంది.

"ఇన్నేళ్ళు ఎవరో పసుపు రాస్తూనే ఉన్నారండి దీని మీద," అంది సుహాసిని మెల్లగా. "రాసి రాసి గీతల్లోకి ఇంకిపోయింది. అది తీస్తే గోడ కూడా ఊడొస్తుందన్నారు, అందుకే వదిలేశారు. నాకు ఇక్కడ అన్నింటికన్నా ఇదే ఇష్టం."

ఎవరో కాదు, మరిడమ్మ. గీత వాడిది, రంగు దీనిది. మోకాళ్ళు అరిగిపోయేదాకా వచ్చి వచ్చి, తనకి తెలీని మొహానికి రంగు వేసింది.

అద్దం కింద చీటీ ఉంది. కూడబలుక్కున్నాను. పే రు తె లి య ని. అక్కడ ఆగిపోయేను. స్త్రీ అన్నది ఒత్తులక్షరం, దేవి చదివింది. "పేరు తెలియని స్త్రీ." చదివి నా వైపు తిరిగింది. సుహాసిని కూడా తిరిగింది. గుమ్మంలో రాముడు.

"తాతా," అంది దేవి. "ఈవిడేనా?"

ఇదుగో, దీనికే రాలేదు ఇన్నాళ్ళూ.

చూసేను. చిన్నపిల్ల. ఇంత చిన్నపిల్లా? దేవి కన్నా చిన్నది. నేను వెతుక్కుంటున్నది ఎవరో పెద్దామెని, నాతోపాటు వయసొచ్చిన మనిషిని కాబోలు. పెద్ద కళ్ళు, కుర్రాడు గీసిన కళ్ళు, ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా. ముక్కు ఎవరిదైనా కావచ్చు. తెలీలేదు. చెవి, చెవికి కమ్మ, తెలీలేదు. ఇంక నోరిప్పి తెలీదమ్మా అనీసి సంచి పట్టుకుని వెళ్ళిపోదామనుకున్నాను, కాళ్ళు కూడా అటు తిరిగేయి. అప్పుడు చెయ్యి చూసేను. మొహం కింది సగం లేదు. నోటికి అడ్డంగా మణికట్టు ఉంది. వేళ్ళు కాదు, అరచెయ్యి కాదు, మణికట్టు, గాజులతో సహా. మట్టి పనిలో ఉంది కదా, వేళ్ళకి మట్టి, అందుకని మణికట్టు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. వాడు అదే గీసేడు. ఆ నవ్వు నాకు తెలుసు. గోడకి అటుపక్క నేను విన్నది ఇదే. గాజులు నోటికి తగిలి నవ్వు మధ్యలో గలగలమనేది, ఏం చప్పుడది అనుకునేవాణ్ణి చీకట్లో. ఇదా.

"ఈవిడే," అన్నాను.

"ఆవిడ పేరండీ?" అంది సుహాసిని, కలం తీసి. "మా పై వాళ్ళకి చెప్పి చీటీ మార్పిస్తాను."

పేరు. పెళ్ళిలో ఒకరి పేరు ఒకరిచేత చెప్పిస్తారే, గుమ్మంలో ఆపి, అప్పుడు చెప్పేను. ఆ తర్వాత ఇదుగో అనే పిలిచేను, ఏయ్ అనే పిలిచేను. దాని పేరు నా నోట్లో ఎప్పుడో ఎండిపోయింది. అన్నాను. "గురమ్మ."

రాముడు గుమ్మంలోంచి అన్నాడు, "ఓ తాతా, కుర్సీ తెమ్మంటావేటి? ఆ కుర్సీయే తెస్తాను." వద్దన్నాను. సంచి తెరిచేను. వేళ్ళు ఇప్పుడు తెరుచుకున్నాయి. చీర తీసి చూపించేను, అద్దంలో ఆకుపచ్చ కనబడింది. గాజులు చూపించేను. పసుపు తడిపి వేలికి తీసుకునేసరికి సుహాసిని నోరు తెరిచి, మళ్ళీ మూసి, "గోడకి కాదు కదండీ," అంది. "అద్దమే కదా. తుడిస్తే పోతుంది." నిలబడి, గోడలో నుదురు ఎక్కడుందో చూసి, అక్కడికి వచ్చేటట్టు అద్దం మీద పసుపు పెట్టేను. దాని మీద కుంకం. నేను నిలబడ్డ చోటికి సరిగ్గా నుదుటి నడిమికి వచ్చింది. ఇంక పిలవాలి. నోరిప్పి.

"ఇదుగో," అన్నాను. "గోవిందు లేడూ. ఉయ్యాల్లో వదిలీసి ఎల్లిపోనావు, ఆడు. ఆడి కూతురు. దీనికి పెళ్ళి. రేపు రాట." ఇంకేటి చెప్పాలి? మరిడమ్మ అయితే ఇంకా చెప్పేది. "మరిడమ్మకి కాళ్ళు లేవు, రాలేకపోయింది. ఇన్నాళ్ళూ అదే వచ్చీది. ఈపాలి నువ్వే రా."

బయట బడి బస్సు వెళ్ళిపోయింది. దేవి ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది. "నాయనమ్మకి పంపుతాను తాతా. అప్ప ఎలగుండీదో సూసుకుంటాది." పక్కనించి పట్టింది, ఎదురుగా పట్టింది, వెనక్కి వెళ్ళింది. "ఇదేటి, బొట్టు నుదుటి మీద ఉండట్లేదు. నేను కదిల్తే చెంప మీదకి పోతన్నాది. ఇప్పుడు జుట్టులోకి పోనాది."

అద్దం ఎడంగా ఉంది కదా. నేను పక్కకి జరిగేను.

"ఇక్కడ నిలబడు," అన్నాను. "నేనున్న సోట."

నిలబడింది. "ఇంకా పైకే ఉన్నాను తాతా, బొట్టు ముక్కు మీదకి దిగిపోనాది."

"నా ఎత్తుకి రా," అన్నాను. "వంగు."

వంగింది.